ఎండాకాలం గుట్ట ఎక్కుతున్నారా? బాయిలోకి దిగేటోళ్లకు మస్టర్ ఉంది.. గుట్ట ఎక్కేటోళ్లకు ఏది?

నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి, గోదావరిఖని.. ఆదివారం వచ్చిందంటే చాలు, సింగరేణి బెల్టులో కుర్రాళ్ల బైకులు గుట్టల వైపు తిరుగుతున్నాయి. ఇటు బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా, అటు బేగంపేట దగ్గర రామగిరి ఖిల్లా. పొద్దున టిఫిన్ చేసి, పది గంటలకు బయల్దేరి, చేతిలో ఒక్క వాటర్ బాటిల్‌తో పైకి ఎక్కేస్తున్నారు. పైన కోట గోడ మీద నిలబడి రీల్ తీస్తే వ్యూస్ వస్తాయి. నిజమే. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఆ 30 సెకన్ల వీడియో వెనక ఎంత రిస్క్ ఉందో రీల్‌లో కనిపించదు.

ఇది గుట్టలు ఎక్కొద్దని చెప్పే కథనం కాదు. ఏ టైమ్‌కి ఎక్కాలి, ఎప్పుడు ఆగిపోవాలి, అడ్డు చెప్పాల్సింది ఎవరు అన్నదే ఇక్కడ ప్రశ్న.

ముందుగా ముఖ్యమైన పాయింట్లు:

• మన దగ్గరి గుట్టల ఎత్తుకు పైన చల్లగా ఉండటం అన్నది దాదాపు భ్రమే. తేడా ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే.
• ఎండాకాలం టేకు అడవిలో ఆకు ఉండదు. అంటే నీడ ఉండదు.
• చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవడం ప్రమాదకరం.
• మనిషి మాట తడబడితే ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే మోసుకెళ్లాలి.
• పొద్దున 5.30కి ఎక్కడం మొదలుపెట్టి 8.30కల్లా కిందికి దిగిపోవాలి.

పైన చల్లగా ఉంటుందా?

"గుట్ట మీద గాలి ఉంటది, చల్లగనే ఉంటది".. ఈ మాట అందరూ అంటారు. ఊటీ, అరకు చూసి వచ్చినవాళ్లకు ఇది సహజంగా వచ్చే ఆలోచన. ఎత్తు పెరిగితే వేడి తగ్గుతుంది, అది నిజం. కానీ ఎంత? సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు. అంటే వంద మీటర్లు ఎక్కితే తగ్గేది ఒక డిగ్రీ కూడా కాదు.

ఊటీ సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉంది. అందుకే అక్కడ మేలో కూడా స్వెటర్ వేసుకుంటారు. మన గుట్టలు అంత ఎత్తువి కావు. కింద మంచిర్యాలలో 43 డిగ్రీలు ఉంటే, పైన ఖిల్లా మీద 41, 42 ఉంటుంది. అంతే తేడా.

ఇంకో విషయం. టీవీలో, ఫోన్‌లో చూసే ఉష్ణోగ్రత నీడలో కొలిచింది. వాతావరణ శాఖ థర్మామీటర్‌ని గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల పైన పెడతారు. నేరుగా ఎండలో నిలబడిన మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువ. అమెరికా వాతావరణ సంస్థ లెక్క ప్రకారం నేరుగా ఎండ తగిలితే శరీరానికి అనిపించే వేడి 8 డిగ్రీల దాకా పెరగొచ్చు. దీనికి తోడు గుట్ట మీద రాతి బండలు. పొద్దున తొమ్మిది నుంచి కాలడం మొదలైతే సాయంత్రం చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటాయి. పైనుంచి సూర్యుడు, కింద నుంచి బండ.. మధ్యలో మనం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దోళ్లు ఊరికే అనలేదు.

రామగుండం అంటే ఎండల వార్తల్లో ప్రతి ఏటా వినిపించే పేరు. ఇక్కడ 45 దాటడం కొత్త కాదు. 2015 మే నెల వడగాల్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనే రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఎండలో పని చేయక తప్పనివాళ్లు. ఉపాధి కూలీలు, వృద్ధులు, గొర్రెల కాపరులు. వాళ్లకు ఛాయిస్ లేదు. ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లకు ఉంది. తేడా అక్కడే.

వానాకాలం దారి వేరు.. ఎండాకాలం దారి వేరు

చాలామంది గాంధారి ఖిల్లా, రామగిరి ఖిల్లా వీడియోలు చూసేది ఆగస్టు, సెప్టెంబర్‌లో తీసినవి. పచ్చటి చెట్లు, బండల మీద నుంచి జారే నీళ్లు, మబ్బులు. రామగిరికి జనం ఎక్కువగా వెళ్లేది శ్రావణ మాసంలోనే. గాంధారి ఖిల్లా మైసమ్మ జాతర జరిగేది మాఘ మాసంలో. నాయక్‌పోడ్ గిరిజనులు తరతరాలుగా చేసుకుంటున్న జాతర అది. గమనించండి.. మన పెద్దలు గుట్ట ఎక్కడానికి పెట్టుకున్న ముహూర్తాలు ఒకటి వానాకాలంలో, ఇంకొకటి చలి పోయే టైమ్‌లో. నడి ఎండాకాలంలో కాదు.

అదే దారి ఏప్రిల్‌లో ఎలా ఉంటుంది?

నీడ ఉండదు: మన అడవులు ఆకు రాల్చే అడవులు. టేకు చెట్టు ఎండాకాలం మోడై నిలబడుతుంది. మ్యాప్‌లో పచ్చగా కనిపించే చోట నిజంగా నీడ ఉండదు.

దారి కనిపించదు: రాలిన టేకాకు ఒక్కోటి చాట అంత ఉంటుంది. మోకాలి దగ్గర దాకా పేరుకుపోతుంది. దాని కింద రాయి ఉందో, గుంత ఉందో, పాము ఉందో తెలియదు. ఎండిన ఆకు మీద కాలు జారడం తడి బండ మీద జారడం కంటే తక్కువేం కాదు. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఎక్కువ జారుతుంది.

నీళ్లు దొరకవు: గాంధారి ఖిల్లా మీద రాతిలో తొలిచిన బావులు ఉన్నాయి. చూడటానికి అద్భుతం. కానీ వాటిని నమ్ముకుని ఖాళీ బాటిల్‌తో వెళ్లడం తెలివి కాదు. ఎండాకాలం అడుగున మిగిలే నిలవ నీళ్లు తాగడానికి పనికిరావు.

జంతువులు కూడా నీళ్ల కోసమే వస్తాయి: ఎలుగుబంట్లకు రాతి గుట్టలు, బండల సందులే ఇళ్లు. ఎండాకాలం తెల్లవారుజామున, సాయంత్రం నీటి చెలమల దగ్గరికి, ఇప్ప చెట్ల కిందికి వస్తాయి. అందుకే గుంపుగా వెళ్లాలి, మాట్లాడుకుంటూ వెళ్లాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడే ముందుకు పోవడం మంచిది కాదు. బండల అంచులకు వేలాడే తేనెపట్టుల దగ్గర పొగ పెట్టడం, రాళ్లు విసరడం కూడా అంతే ప్రమాదం. గుట్ట అంచున తేనెటీగలు తరిమితే పరుగెత్తడానికి చోటుండదు.

నిప్పు: ఇది అన్నిటికంటే పెద్దది. కింద ఎండుటాకు, పైన వేడి గాలి. ఒక్క సిగరెట్ పీక, చికెన్ కాల్చుకుని సరిగ్గా ఆర్పని పొయ్యి చాలు. నిప్పు ఎత్తు వైపు వేగంగా పాకుతుంది, ఎందుకంటే పైనున్న ఆకును ముందే వేడి చేసేస్తుంది. గుట్ట పైన ఉన్నవాళ్లు దాని దారిలోనే ఉంటారు.

కురంగణి మర్చిపోయామా?

2018 మార్చి 11. తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండలు. చెన్నై, ఈరోడ్, తిరుప్పూర్ వైపు నుంచి వచ్చిన ట్రెక్కర్లు రెండు గుంపులుగా కొండ దిగుతున్నారు. ఎండిన గడ్డికి నిప్పంటుకుంది. గాలి తోడైంది. ఎటు పరుగెత్తాలో తెలియక లోయల వైపు దూకినవాళ్లు ఉన్నారు. అక్కడికక్కడే చనిపోయినవాళ్లు, తర్వాత కాలిన గాయాలతో ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్లు.. మొత్తం 20 మందికి పైగా. వాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల నుంచి ముప్పై ఐదేళ్ల మధ్య ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. వీకెండ్‌కి వచ్చినవాళ్లు. మనలాంటివాళ్లే.

ఆ తర్వాత తమిళనాడు ఏం చేసింది? అదే ఏడాది ట్రెక్కింగ్‌కి ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. 2024లో 'ట్రెక్ తమిళనాడు' పేరుతో 40 రూట్లు గుర్తించి, ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, స్థానిక గిరిజన యువతను గైడ్లుగా తీసుకుంది. మరి 2025లో అడవి మంటల సీజన్ రాగానే ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఆ రూట్లన్నీ మూసేసింది. డబ్బులొచ్చే టూరిజం అయినా సరే, సీజన్ బాగా లేకపోతే గేటు వేసేశారు. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఈ పాయింటే.

చెమట పడుతోంది కదా.. ఏం కాదులే?

ఇప్పుడు శరీరం సంగతి. ఎండలో గుట్ట ఎక్కుతుంటే కండరాలు లోపల నుంచి వేడి పుట్టిస్తాయి. దాన్ని బయటికి పంపడానికి శరీరానికి ఉన్న పెద్ద మార్గం చెమట. గట్టిగా ఎక్కేటప్పుడు గంటకు లీటరు దాకా, కొందరికి అంతకంటే ఎక్కువ చెమట పోతుంది. లీటరు బాటిల్ ఒకటి పట్టుకుని ముగ్గురు ఎక్కారంటే లెక్క మీరే వేసుకోండి.

మొదటి దశ అలసట. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, పిక్కలు పట్టేయడం. ఈ దశలో ఆగి, నీడలో కూర్చుని, నీళ్లు తాగి, వెనక్కి తిరిగితే ఇబ్బంది ఉండదు.

రెండో దశ వడదెబ్బ. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటుతుంది. మెదడు మీద దెబ్బ పడుతుంది. మాట తడబడుతుంది, సంబంధం లేకుండా మాట్లాడతారు, తూలుతారు, కోపం తెచ్చుకుంటారు, పడిపోతారు. ఇది ఎమర్జెన్సీ. నిమిషాల మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ ఒక అపోహ చాలామందిని ముంచుతోంది. "చెమట ఆగిపోతేనే వడదెబ్బ" అని స్కూల్ రోజుల నుంచి విన్నాం. ఇంట్లో కూర్చున్న ముసలివాళ్లలో అలా జరగొచ్చు. కానీ కష్టపడి ఎక్కుతూ, పరుగెత్తుతూ వడదెబ్బ తగిలిన యువకుల్లో చెమట ధారగా కారుతూనే ఉండొచ్చు. కాబట్టి చూడాల్సింది చెమట కాదు, మనిషి ప్రవర్తన.

ఈ మాట నేను పుస్తకంలో చూసి మాత్రమే చెప్పడం లేదు. ఈ బెల్టులోనే ఒక గుట్టకు మా ఫ్రెండ్స్ ఐదుగురం మే నెలలో వెళ్లాం. పదకొండున్నరకు పైన ఉన్నాం. దిగేటప్పుడు మాలో ఒకడు ఉన్నట్టుండి అడ్డదిడ్డంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. మేం జోక్ అనుకుని నవ్వాం. ఫోన్ తీసి వీడియో కూడా తీశాం. షర్ట్ అంతా చెమటతో తడిసిపోయి ఉంది, అందుకే వడదెబ్బ అన్న ఆలోచనే రాలేదు. మేకలు కాసే ఒక పెద్దాయన చూసి, "నవ్వుడు బంద్ చెయ్యుండ్రి బిడ్డా, పోరనికి ఎండ తాకింది" అని తన దగ్గరున్న నీళ్లన్నీ వాడి తల మీద పోశాడు. వాడు బతికాడు. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. అప్‌లోడ్ చేయలేదు.

బాయిలో ఉన్న రూల్ గుట్ట మీద ఎందుకు లేదు?

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. సింగరేణి బెల్టులో పుట్టినవాళ్లకు వేడిలో పని చేయడం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆర్కే గనుల్లో దిగిన తండ్రులు, ఓపెన్ కాస్ట్‌లో డంపర్లు నడిపే అన్నలు మన ఇళ్లలోనే ఉన్నారు.

వాళ్లు పనిలోకి ఎలా వెళ్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు మస్టర్ పడాలి. ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంప్ తీసుకోవాలి. షిఫ్ట్ అయ్యాక ల్యాంప్ తిరిగి రాకపోతే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని తెలుస్తుంది. వెతకడం మొదలవుతుంది. గోదావరిఖనిలో రెస్క్యూ స్టేషన్ ఉంది.

వేడి గురించి కూడా రూల్ ఉంది. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం భూగర్భ గనిలో పని చేసే చోట తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు మించకూడదు. 30.5 దాటితేనే అక్కడ గాలి కనీసం సెకనుకు ఒక మీటరు వేగంతో ఆడేలా ఏర్పాటు చేయాలి. తడి బల్బు అంటే? థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి కొలిచే ఉష్ణోగ్రత. వేడితో పాటు గాలిలో తేమ ఎంత ఉందో కూడా అందులో కలుస్తుంది. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. అందుకే మామూలు ఉష్ణోగ్రతతో కాకుండా దీనితో లెక్క కట్టారు.

ఈ సంగతి గుట్టకు కూడా వర్తిస్తుంది. ఏప్రిల్‌లో పొడి వేడి. చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన వెంటనే ఆవిరైపోతుంది. నీళ్లు పోతున్నాయని తెలియకుండానే ఒళ్లు ఎండిపోతుంది. జూన్ మొదట్లో వాన పడీ పడనట్టు ఉన్నప్పుడు ఉష్ణోగ్రత 39కి తగ్గిందని సంబరపడతాం. కానీ తేమ పెరిగి ఉంటుంది. ఒళ్లంతా జిడ్డుగా చెమట, ఆరదు. నంబర్ తగ్గినా ప్రమాదం తగ్గినట్టు కాదు.

ఓపెన్ కాస్ట్ గనుల్లో ఎండాకాలం వచ్చిందంటే మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల పంపిణీ వార్తలు చూస్తూనే ఉంటాం. పోరాడి తెచ్చుకున్న హక్కులు, ప్రాణాలు పోయాక వచ్చిన రూల్స్ అవి. అలాంటి ఇంట్లో పెరిగిన కుర్రాడు ఆదివారం రోజు ఎవరికీ చెప్పకుండా, పేరు ఎక్కడా రాయకుండా, ఒక్క బాటిల్‌తో అడవిలోకి వెళ్తున్నాడు. తండ్రి బాయిలోకి దిగితే లెక్క ఉంది. కొడుకు గుట్ట ఎక్కితే లెక్క లేదు.

అడవిని నమ్ముకున్నోళ్ల టైమ్ టేబుల్

ఏప్రిల్, మే నెలల్లో అడవిలోకి మనకంటే ఎక్కువగా వెళ్లేవాళ్లు ఇంకొకరు ఉన్నారు. తునికాకు సేకరించే కూలీలు. వాళ్ల టైమింగ్స్ చూస్తే చాలు, ట్రెక్కింగ్ గైడ్ అక్కర్లేదు. చీకటి ఉండగానే సద్ది కట్టుకుని బయల్దేరతారు. ఎండ ముదిరేలోపు ఆకు కోసుకుని బయటికి వచ్చేస్తారు. తర్వాత పనంతా నీడలో కూర్చుని కట్టలు కట్టడమే. తలకు రుమాలు, నిండా చేతుల బట్టలు, బుర్రలో నీళ్లు. గుంపుగా వెళ్లి గుంపుగా వస్తారు.

ఆ అడవిలో పుట్టి పెరిగినవాళ్లే పదింటికి లోపల ఉండకూడదని చూస్తుంటే, మనం పదింటికి మొదలుపెడుతున్నాం.

మూసేయడమే పరిష్కారమా?

ఏదైనా జరగగానే మన దగ్గర వినిపించే మొదటి డిమాండ్ "బ్యాన్ చేయండి". కానీ పూర్తిగా మూసేస్తే ఏమవుతుంది? దొంగదారిన వెళ్తారు. దొంగదారిన వెళ్లినవాడు ఎక్కడికి వెళ్తున్నాడో ఇంట్లో చెప్పడు. ఏదైనా జరిగితే భయపడి ఫోన్ కూడా చేయడు. పైగా ఈ కోటలు మన చరిత్ర. పిల్లలు మొబైల్ వదిలి గుట్ట ఎక్కడం మంచి అలవాటే.

మధ్యే మార్గం ఉంది. అమెరికాలోని ఫీనిక్స్ నగరం ఎడారి మధ్యలో ఉంటుంది. అక్కడి క్యామెల్‌బ్యాక్ కొండ బాగా ఫేమస్. ఎండలో ఎక్కి పడిపోయినవాళ్లను దింపలేక ఫైర్ సిబ్బందే సొమ్మసిల్లే పరిస్థితి వచ్చింది. దాంతో 2021 నుంచి ఒక పద్ధతి పెట్టారు. వాతావరణ శాఖ తీవ్రమైన ఎండ హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో మాత్రమే, అదీ కొన్ని గంటలు మాత్రమే దారి మూసేస్తారు. మొదట్లో ఉదయం 11 నుంచి సాయంత్రం 5 వరకు. సీజన్ అంతా కాదు, హెచ్చరిక ఉన్న రోజే. పొద్దున్నే వచ్చేవాళ్లకు ఏ అడ్డూ లేదు.

అంత దూరం ఎందుకు, తిరుమల చూడండి. అలిపిరి మెట్ల దారి 3,550 మెట్లు. దారిలో పైకప్పు నీడ, తాగునీళ్లు ఉంటాయి. అందుకే నడి వేసవిలో కూడా ముసలివాళ్లు ఎక్కగలుగుతున్నారు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. రోజుల వ్యవధిలోనే పిల్లలతో నడిచే టైమింగ్స్‌పై ఆంక్షలు వచ్చాయి. భక్తులకు చేతికర్రలు కూడా ఇచ్చారు. కర్రల మీద జోకులు పేలాయి, నిజమే. కానీ ఆ దారికి బాధ్యులు ఎవరో అందరికీ తెలుసు. అందుకే ప్రశ్న అడగగలిగారు, జవాబు వచ్చింది.

నల్లమలలో సలేశ్వరం జాతర కూడా ఎండాకాలంలోనే, చైత్ర పౌర్ణమికి జరుగుతుంది. అక్కడ అడవిలోకి అనుమతి కొద్ది రోజులే. అయినా 2023లో ప్రాణనష్టం జరిగింది. అంటే అనుమతి ఇవ్వడం ఒక్కటే సరిపోదు, వచ్చేవాళ్ల సంఖ్యకు తగ్గ నీళ్లు, నీడ, వైద్యం కూడా ఉండాలని అర్థం.

మన ఖిల్లాల పరిస్థితి వేరు. చుట్టూ అడవి ఒక శాఖది, పైన కోట, శిల్పాలు ఇంకో శాఖ చూడాల్సినవి, కింద ఊరు పంచాయతీది, అంబులెన్స్ వైద్య శాఖది. ఇంతమందికి చెందినది చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

రూ. 4 లక్షలు.. చనిపోయాక

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాల్పులను, వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించింది. చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే పరిహారం రూ. 50 వేల నుంచి రూ. 4 లక్షలకు పెరిగింది. ఇది మంచి నిర్ణయం. ఎండను వరదతో, పిడుగుతో సమానంగా చూడటం మొదలైంది.

కానీ విపత్తు అంటే పరిహారం మాత్రమే కాదు. వరద వస్తుందంటే గోదావరి ఒడ్డున ముందే హెచ్చరిస్తాం, రోడ్డు మీద బారికేడ్ పెడతాం. ఎండ కూడా విపత్తే అయినప్పుడు, ఆరెంజ్ అలర్ట్ ఉన్న రోజు గుట్ట కింద ఒక బారికేడ్ ఎందుకు ఉండకూడదు?

దీనికి కోట్లు అవసరం లేదు. గుట్ట మొదట్లో ఒక బోర్డు.. దాని మీద ఆ రోజు అలర్ట్ రంగు, ఎక్కడానికి చివరి టైమ్. ఒక రిజిస్టర్.. పేరు, ఫోన్ నంబర్, ఎంతమంది, ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు. అచ్చం మస్టర్ లాగే. ఒక మంచినీళ్ల ట్యాంకు. దారి పొడవునా రాళ్ల మీద పెయింట్‌తో నంబర్లు.. ఫోన్ చేసినప్పుడు "ఆరో నంబర్ రాయి దగ్గర ఉన్నాం" అని చెప్పడానికి. పక్క ఊరి యువకులు ఇద్దరికి ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్, రోజు కూలి. మంచిర్యాల జిల్లా కలెక్టరేట్ ఉన్నది నస్పూర్‌లోనే. అన్ని శాఖలు ఒకే బిల్డింగ్‌లో కూర్చుంటాయి. ఒక్క మీటింగ్ చాలు.

వెళ్లాలని డిసైడ్ అయితే.. ఇవి పాటించండి

1. అనుమతి: రిజర్వ్ ఫారెస్ట్‌లోకి పర్మిషన్ లేకుండా వెళ్లడం, నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం. ముందే అటవీ సిబ్బందిని అడగండి. అడిగితే దారి గురించి, జంతువుల కదలిక గురించి కూడా తెలుస్తుంది.

2. ముందు రోజు అలర్ట్ చూడండి: మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగినా, లేదా నేరుగా 45 తాకినా వాతావరణ శాఖ దాన్ని వడగాల్పు కింద లెక్కిస్తుంది. ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఉంటే ప్లాన్ క్యాన్సిల్. గుట్ట ఎక్కడికీ పోదు.

3. టైమ్: మేలో మన దగ్గర ఆరు కాకముందే తెల్లారుతుంది. 5.30కి మొదలు, 8.30కి కింద. పైకి చేరకపోయినా సరే, 7.30కి వెనక్కి తిరగండి. సాయంత్రం బెటర్ కదా అంటారా? బండలు ఇంకా కాలుతూనే ఉంటాయి. పైగా ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుములు, పిడుగుల టైమ్. గుట్ట శిఖరం, ఒంటరి చెట్టు పిడుగుకు మొదటి చోటు. పిడుగుల సమాచారానికి 'దామిని' యాప్ ఉంది.

4. నీళ్లు: మనిషికి కనీసం రెండు మూడు లీటర్లు. అందులో ఒక బాటిల్ తాగడానికి కాదు, ఎవరికైనా వడదెబ్బ తగిలితే పోయడానికి. ఒకేసారి గటగటా కాకుండా కొంచెం కొంచెంగా తాగాలి. గంటకు లీటరున్నర దాటొద్దు, ఒట్టి నీళ్లే అతిగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది.

5. ఓఆర్‌ఎస్: మెడికల్ షాపులో దొరికే పొడి ప్యాకెట్ తీసుకోండి. తీపి టెట్రా ప్యాక్ డ్రింకులు దానికి బదులు కావు. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు సరిపోని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఇంట్లో మజ్జిగలో ఉప్పు వేసుకున్నా మంచిదే. బీర్, ఎనర్జీ డ్రింక్ మాత్రం వద్దు.

6. బట్టలు: నల్ల టీషర్ట్ రీల్‌లో బాగుంటుంది, ఎండలో బాగుండదు. లేత రంగు, వదులుగా, నిండా చేతులు. తలకు తువ్వాల. చెప్పులు కాదు, పట్టు ఉండే బూట్లు.

7. ఇంట్లో చెప్పండి: ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగి వస్తారు. ఈ మూడూ మెసేజ్ పెట్టండి. పైన సిగ్నల్ ఉంటుందని నమ్మకండి. ఇదే మీ మస్టర్.

8. అలవాటు: నెలంతా ఏసీలో, కూలర్ కింద కూర్చుని ఒక్కసారిగా ఎండలో ఎక్కితే శరీరం తట్టుకోదు. వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. నైట్ షిఫ్ట్ చేసి నిద్ర లేకుండా నేరుగా గుట్టకు వెళ్లడం అసలు వద్దు. జ్వరం, విరేచనాలు ఉన్నా వద్దు.

ఎవరైనా తడబడితే ఏం చేయాలి?

వెంటనే నీడలోకి తీసుకెళ్లండి. చెట్టు నీడ లేకపోతే దుప్పటి, చున్నీ పట్టుకుని నీడ చేయండి. షూ, బెల్టు, బరువైన బట్టలు తీసేయండి. ఒంటి మీద, తల మీద నీళ్లు పోసి గట్టిగా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడి గుడ్డలు పెట్టండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి, సిగ్నల్ లేకపోతే ఇద్దరు కిందికి వెళ్లాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబరచకుండా ఎండలో గంటసేపు మోసుకెళ్లడం పెద్ద తప్పు. ఆ గంటలోనే ప్రాణం పోవచ్చు.

చివరిగా..

2024 జూన్‌లో గ్రీస్‌లోని సిమీ దీవిలో బ్రిటన్ టీవీ ప్రెజెంటర్ మైఖేల్ మోస్లీ ఒంటరిగా నడక మొదలుపెట్టారు. ఆ రోజు ఎండ దాదాపు 40 డిగ్రీలు. నాలుగు రోజుల తర్వాత ఆయన మృతదేహం దొరికింది. ఆయన డాక్టర్ చదువు చదివిన మనిషి, జనానికి ఆరోగ్యం గురించి ఏళ్ల తరబడి టీవీలో చెప్పిన మనిషి. తెలియక వెళ్లారని అనలేం. మనకు తెలుసులే అనుకున్నంత మాత్రాన ఎండ వదిలిపెట్టదు.

గాంధారి ఖిల్లా మీద శిల్పాలు వందల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. వానలు పడ్డాక కూడా ఉంటాయి. అప్పుడు దారి పచ్చగా ఉంటుంది, వీడియో కూడా ఇంకా బాగా వస్తుంది. ఈ ఆదివారమే వెళ్లాలనుకుంటే మాత్రం.. అలారం నాలుగున్నరకు పెట్టుకోండి. లేవలేకపోతే, ఆ వారానికి గుట్ట వద్దు.